చుక్కల ఫోటోలకు ఫోను చాలా, కెమెరా కావాలా?

సంక్రాంతి రోజుల్లో రాత్రి తొమ్మిదింటికి ఆగ్నేయం వైపు బాగా తలెత్తి చూడండి. వరుసగా మూడు చుక్కలు, ఒకపక్క ఎర్రగా ఆర్ద్ర, రెండోపక్క తెల్లగా రీగెల్. అదే ఓరియన్, వేటగాడి ఆకారంలో ఉండే చుక్కల గుంపు. కొత్తగా చుక్కల ఫోటోలు తీసేవాళ్లకు ఇంతకన్నా తేలికైనది దొరకదు.

తీసిన ఫోటోలో ఏ చుక్క ఏదో పోల్చుకోవడమే మీ పనైతే ఫోనే మేలు. డీఎస్‌ఎల్‌ఆర్, అంటే లెన్స్ మార్చుకునే పెద్ద కెమెరా, మరీ ఎక్కువ చూస్తుంది. ఊరి బయట చీకట్లో 50 ఎంఎం లెన్స్‌తో ఆరు సెకన్లు తీస్తే కంటికి ఆనని చుక్కలు కూడా కుప్పలుగా పడతాయి. ఆ జాతరలో ఓరియన్ ఎక్కడో తప్పిపోతాడు. ఫోను పెద్ద చుక్కల్నే గట్టిగా పడుతుంది కాబట్టి ఆకారం మనం చూసినట్టే వస్తుంది.

పైగా మన దగ్గర ఇంకో సుళువుంది. జనవరి నడిమికి హైదరాబాద్‌లో రాత్రి పదింటికల్లా ఓరియన్ దాదాపు నడినెత్తికి వస్తాడు. ఫోను స్క్రీన్ కిందికి ఉండేలా పిట్టగోడ మీద బోర్లా పెట్టేస్తే చాలు, ట్రైపాడ్ అక్కర్లేదు. సెట్టింగులు మనమే పెట్టుకునే ప్రో మోడ్‌లో ఐఎస్‌ఓ (వెలుగును పట్టే సున్నితత్వం) 1600, షట్టర్ 10 సెకన్లు, ఫోకస్ అనంతానికి, టైమర్ పెట్టి చేయి తీసేయండి. వీధిలైటు మాత్రం లెన్స్‌లో పడకూడదు.

రంగుల దగ్గరకొస్తే ఫోను తేలిపోతుంది. అన్నిటినీ ఇంచుమించు తెల్లగానే చూపిస్తుంది. కెమెరాలో రా ఫైల్ (సెన్సర్ పట్టింది పట్టినట్టే దాచే ఫైల్) తీస్తే ఆర్ద్ర నారింజగా, రీగెల్ నీలంగా విడివిడిగా తెలుస్తాయి. మూడు చుక్కల కింద గులాబీ మరకలా నెబ్యులా, అంటే వాయువు, ధూళి మేఘం, కూడా దొరుకుతుంది. అది చూశాక ఫోను ఫోటో చప్పగా ఉంటుంది, ఒప్పుకోవాలి.

కానీ కెమెరాతో పేచీలూ ఉన్నాయి. ఆటోఫోకస్ పనిచేయదు. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద, బాగా వెలిగే సిరియస్ చుక్కను పెద్దది చేసి, అది వీలైనంత చిన్న చుక్క అయ్యేదాకా రింగు తిప్పాలి. ఓరియన్ ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీత) మీద ఉన్నాడు గనక చుక్కలు త్వరగా గీతలవుతాయి. 500ను ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీదుండే ఎంఎం అంకెతో) భాగిస్తే ఎన్ని సెకన్లు తీయొచ్చో వస్తుంది. క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) మీద ఆ అంకెను ఒకటిన్నర రెట్లు చేయాలి: 50 ఎంఎం అంటే 75 కింద లెక్క, అంటే ఆరు సెకన్ల చిల్లర. కెమెరాతో వచ్చే కిట్ లెన్స్ 18 ఎంఎం దగ్గరైతే 27 కింద లెక్క, 18 సెకన్లు. తెల్లవారుజామున మంచు పట్టి లెన్స్ మసకబారుతుంది, మధ్యమధ్యలో చూసుకోండి.

ఇక పేర్లకు. ఆకాశ పటం చూపే స్టెల్లేరియం యాప్ తెరిచి ఫోనును ఆకాశం వైపు పెడితే అక్కడికక్కడే చెప్పేస్తుంది, కాకపోతే ఇనప గ్రిల్లో బైకో పక్కనుంటే దిక్సూచి తప్పి బొమ్మ పక్కకు జరుగుతుంది. ఇంటికొచ్చాక ఫోటోను ఆస్ట్రోమెట్రీ డాట్ నెట్ అనే వెబ్‌సైట్‌లో ఎక్కించడమే నాకు నచ్చిన దారి. చుక్కల అమరికను బట్టే పోలుస్తుంది కాబట్టి దిక్కులతో పనిలేదు. గ్రహాలకు మాత్రం అది పేరు పెట్టదు. ఫోటోలో బాగా వెలిగే చుక్క ఏదైనా పేరు లేకుండా మిగిలితే, ఆ తేదీ, సమయం స్టెల్లేరియంలో పెట్టి చూసుకోండి.