కంపెనీ జతచేసే విరాళం: కొన్నేళ్ల వాడకం తర్వాత

ఉద్యోగి ఒక సేవాసంస్థకు ఎంత ఇస్తే కంపెనీ కూడా అంతే జతచేసే మ్యాచింగ్ సదుపాయాన్ని, గచ్చిబౌలిలోని ఒక బహుళజాతి కంపెనీ ఉద్యోగిగా కొన్నేళ్లుగా వాడుతున్నాను. రెట్టింపు అవుతుందన్న ప్రచారం అబద్ధం కాదు గానీ, కంపెనీ వాటా ఏ దారిలో వస్తుందో ముందుగా విచారించుకోని వారికి అది సగం నిజంగానే మిగులుతుంది.

అమెరికాలో 1954లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన ఫౌండేషన్, ఉద్యోగులు తాము చదివిన కళాశాలలకు ఇచ్చే విరాళాలకు జత ఇవ్వడంతో మొదలైన పద్ధతి ఇది. మన దగ్గర దీనికి రెండు దారులున్నాయి. కంపెనీ భారతీయ విభాగం తన సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధుల నుంచి ఇస్తే, తీసుకునే సంస్థ ఆ నిధులు అందుకోవడానికి కేంద్ర ప్రభుత్వం వద్ద చేసే సీఎస్‌ఆర్-1 నమోదు చేయించుకొని ఉండాలి. 2021 ఏప్రిల్ నుంచి ఇది తప్పనిసరి. విదేశంలోని మాతృసంస్థ ఫౌండేషన్ ఇస్తే అది విదేశీ విరాళం కిందికి వస్తుంది కనుక సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి కావాలి, డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే పడాలి. అనుమతి ఉన్న మరో సంస్థ తీసుకొని చిన్న సంస్థకు అందిద్దామన్నా, ఆ చట్టానికి 2020లో చేసిన సవరణ ఆ వీలు లేకుండా చేసింది. అందువల్ల పేరున్న పెద్ద ఆసుపత్రులకు, ట్రస్టులకు ఇచ్చేవారికి ఏ చిక్కూ ఉండదు; బస్తీలో పనిచేసే చిన్న సొసైటీకి ఇవ్వదలచినవారికే అసలు పరీక్ష. ఈ పథకంపై నా ప్రధానమైన ఫిర్యాదు ఇదే.

బోరబండలో సాయంత్రం బడి నడిపే ఒక సొసైటీకి నేను ఇస్తుంటాను. దానికి ఎఫ్‌సీఆర్ఏ లేదు, సీఎస్‌ఆర్-1 ఉంది. అక్కడ లెక్కలు చూసే ఆవిడ ఒకసారి బ్యాంకు స్టేట్‌మెంటు నా ముందు పెట్టారు. నా విరాళం నా పేరుతోనే కనబడింది. కంపెనీ వాటా మాత్రం నెలల తర్వాత, తోటి ఉద్యోగుల వాటాలన్నీ కలిపి ఒకే మొత్తంగా, పొడవాటి అంకెల వరుసతో వచ్చింది. “ఇందులో మీది ఎంత సార్? ఆడిటర్ గారికి ఏం చెప్పమంటారు?” అని ఆవిడ అడిగారు. విరాళాల కోసం కంపెనీ వాడే పోర్టల్‌లో చెల్లింపు వివరాల పట్టిక ఒకటుంటుంది, కానీ అది మెనూలో ఎక్కడో లోపల దాగి ఉంటుంది. ఇప్పుడు దాన్ని దించి ఆవిడకు వాట్సాప్‌లో పంపడం నాకు అలవాటైంది. ఇంత డబ్బు పంపే వ్యవస్థకు ఒక వివరమైన రశీదు పంపడం ఎందుకు బరువో నాకు అర్థం కాదు.

పన్ను విషయంలో అతిగా ఆశించకూడదు. పాత పన్ను విధానంలో ఉండి విరాళాలపై పన్ను మినహాయింపునిచ్చే 80జి గుర్తింపు గల ఇలాంటి సంస్థకు పదివేలు ఇస్తే, సాధారణంగా అందులో సగానికి మినహాయింపు దొరుకుతుంది. ముప్పై శాతం శ్లాబులో ఉన్నవారికి సెస్సు కాక 1,500 రూపాయలు మిగులుతాయి. కంపెనీ జతచేసిన పదివేలకు మనకేమీ రాదు, కొత్త విధానం ఎంచుకున్నవారికి ఆ 1,500 కూడా ఉండదు. మినహాయింపు కావాలంటే సంస్థ ఇచ్చే విరాళ ధ్రువపత్రం (10బీఈ) ఉండాలి, రెండు వేలు దాటిన నగదు విరాళం చెల్లదు. జీతం నుంచి నెలనెలా కోయించుకునే ఏర్పాటు వీటన్నిటికంటే సుఖం, మరచిపోవడమన్నది ఉండదు.

మా కంపెనీలో జత పరిమితి, అంటే ఒక ఉద్యోగికి ఏడాదిలో కంపెనీ జతచేసే గరిష్ఠ మొత్తం, డాలర్లలో ఉంటుంది, జనవరి నుంచి డిసెంబరు వరకు లెక్కిస్తారు. మన పన్ను లెక్క మార్చి 31తో ముగుస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పన్ను కోసం ఇచ్చే విరాళం కొత్త ఏడాది పరిమితిలోంచే పోతుంది కనుక, పెద్ద మొత్తం ఇవ్వదలచినవారు దాన్ని డిసెంబరుకు, జనవరికి మధ్య పంచుకుంటే రెండు పరిమితులూ ఒకే ఆర్థిక సంవత్సరంలో ఉపయోగపడతాయి. డిసెంబరు చివరి వారంలో పోర్టల్ బాగా నెమ్మదిస్తుంది కాబట్టి, ఆ విడత నెల మొదట్లోనే ముగించడం మంచిది.