రేసు గుర్రం కొనేవాళ్లు జాగ్రత్త, "ట్రైనింగ్ అయిపోయింది" అంటే నమ్మేయకండి

మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు గుర్రం కొనాలని తిరుగుతున్నవాళ్లు డబ్బులు ఇచ్చేముందు ఇది చదవండి ప్లీజ్.

పోయినేడాది మార్చిలో మలక్‌పేటలో రేసులు మానేసిన ఏడేళ్ల ఆడగుర్రాన్ని 2 లక్షల 80 వేలు పెట్టి కొన్నా. అమ్మినాయన "మూడు నెలలు ఫుల్ స్కూలింగ్ (సవారీకి ట్రైనింగ్) చేశాం సార్, ఇప్పుడు వెనక కాళ్లతో పనిచేస్తుంది, మీ పాప కూడా ఎక్కొచ్చు" అని తనే ఎక్కి చూపించాడు, మెడ విల్లులా వంచి ముక్కు ఛాతీకి ఆనించి ట్రాట్ (మెల్లని పరుగు) చేస్తుంటే నేను మురిసిపోయా. జీను కింది పట్టీ నుంచి కళ్లెం రింగుల్లోంచి ఆయన చేతికి ఇంకో పగ్గం వెళ్తోంది, దాంతోనే తల కిందికి లాగి పట్టుకున్నాడు. కళ్లారా చూశా, అదెందుకని అడగలేదు.

మా దగ్గరికి తెచ్చి మామూలు పగ్గాలతో ఎక్కితే తల పైకెత్తేసి, వీపు గుంటలా దించేసి, బరువంతా ముందుకాళ్ల మీద వేసి లాక్కుపోయింది. ఆపుదామని పగ్గం బిగిస్తే ఇంకా స్పీడ్, ఎందుకంటే రేసులో దానికి అలవాటైందే అది, జాకీ గట్టిగా పట్టుకుంటే ఆ కళ్లెం మీద ఆనుకుని పరిగెత్తడం. రెండుసార్లు ముందుకాళ్లు తడబడి మోకాళ్ల మీద పడబోయింది, రెండోసారి మా అమ్మాయి పైన ఉంది, ఆ రోజు నాకు చేతులు వణికాయి.

నాడాలు మార్చే ఆయన వచ్చినప్పుడు అసలు సంగతి బయటపడింది. వెనక కాలి నాడా ఊడదీసి నా చేతిలో పెట్టాడు, మడమ వైపు కొత్తదాన్లా మందంగా ఉంది, ముందు అంచు మాత్రం అరిగి కత్తిలా అయిపోయింది. "ఎనక కాళ్లు లేపుతలేదు సార్, ఈడ్చుకుంట నడుస్తుంది" అన్నాడు. డాక్టర్ నడుం మీద వేళ్లతో నొక్కగానే గుర్రం చెవులు వెనక్కి పెట్టి కిందికి కుంగిపోయింది, ఎక్స్‌రే తీస్తే వెనక కుడికాలి కీలు కూడా అరిగింది. నొప్పి మందు ఇచ్చి చూపించారా అంటే నేను రుజువు చేయలేను కాబట్టి ఆ మాట అనను, కానీ కొనేరోజే మన డాక్టర్‌తో రక్తం శాంపిల్ తీయిస్తే తేలిపోయేది. అమ్మినాయనకి ఫోన్ చేస్తే "మీ సవారీలోనే లోపం ఉంది సార్" అని పెట్టేశాడు.

ఇప్పుడు నాకు అర్థమైంది చెప్తా. రేసు గుర్రం వెనక కాళ్లు బలహీనమైనవి కావు, కాకపోతే అవి వెనక్కి నెట్టడానికి అలవాటు పడ్డాయి, బరువు మోయడానికి కాదు. అందులోనూ జాకీ రికాబుల్లో (కాళ్లు పెట్టుకునే రింగుల్లో) లేచి నిలబడి ఉంటాడు, మనం జీను మీద కూర్చుంటాం, ఆ వీపుకి ఇది కొత్త. వెనక కాలు పొట్ట కిందికి రావాలి, వీపు పైకి లేవాలి, అప్పుడు మెడ దానంతటదే వంగుతుంది, ముందు తల కట్టేస్తే వెనక భాగం ఇంకా ఆగిపోతుంది. దీనికి కండ పట్టాలి, అది నెలల పని, ముందు రెస్ట్, తర్వాత పొడవాటి తాడుతో రెండు వైపులా తిప్పడం, నేల మీద కర్రలు దాటించడం, నడక ఆపు మళ్లీ నడక, చిన్న ఎత్తులు ఎక్కించడం.

చూడ్డానికి వెళ్తే అదనపు పగ్గాలన్నీ తీయించి నడిపించమనండి. ఇసుకలో అడుగులు చూడండి, వెనక డెక్క గుర్తు ముందు గుర్తులో గానీ దాటి గానీ పడాలి, మాది జానెడు వెనకే పడేది. నాడాలు తిప్పి చూడండి, నడుం నొక్కి చూడండి, జీను వేసేటప్పుడు కరవబోతుందేమో గమనించండి. ఒప్పుకోకపోతే వచ్చేయండి, అడ్వాన్స్ మాత్రం ఇవ్వకండి.

మా గుర్రాన్ని అమ్మట్లేదు, దాని తప్పేముంది పాపం. నాలుగు నెలలు ఎక్కకుండా రెస్ట్‌కి వదిలేశాం, ఇప్పుడు పొద్దున ఆరింటికి ఎండ రాకముందు ఇరవై నిమిషాలు నడిపిస్తున్నాం, జానెడు తేడా ఇప్పుడు నాలుగు వేళ్లకి వచ్చింది.

అదే మనిషి దగ్గర ఇప్పుడు ఇంకో రెండు గుర్రాలు అమ్మకానికి ఉన్నాయని విన్నా. ఎవరైనా చూడ్డానికి వెళ్తుంటే ముందు నాకు మెసేజ్ పెట్టండి, ఆదివారాలు ఖాళీనే, నేనూ వస్తా.