తిరుపతిలో పాత నవలల షాపు గురించి నా రివ్యూ

తిరుపతి బస్టాండు నుంచి నడిచిపోయేంత దూరంలో ఉండే పాత పుస్తకాల షాపులో ప్రేమ నవలలు అద్దెకి తెచ్చుకుంటా ఉండా, షాపాయన మంచోడు, బుక్కులు కూడా నీట్‌గా ఉంటాయి, అందుకే 4 స్టార్లు. నా కంప్లైంటంతా కథల మీదే. పోయిన నెల చదివినదాంట్లో హీరోయిన్‌కి డిప్రెషన్, హీరో వచ్చి కాఫీ తాగించి నవ్విస్తే పోతాదంట! మా అక్కకి వచ్చినప్పుడు దగ్గరుండి చూసినా నేను, నిద్ర లేదు, తల దువ్వుకునేదానికి కూడా ఓపిక లేదు, మందు పని చేసేదానికే వారాలు పట్టింది, బావ ఎంత ప్రేమగా చూసుకున్నా డాక్టరు లేకుండా అయ్యేది కాదు.

ఇంకోదాంట్లో టీబీ అని హీరోని చంపేస్తారు, మామూలు టీబీ 6 నెలలు మందులు సరిగ్గా వాడితే నయమైపోతుంది కదా.

అన్నిటికన్నా బాధేసేది ఆత్మహత్యని గొప్ప ప్రేమకి గుర్తులాగా రాయడం, వెనక మిగిలిపోయిన అమ్మానాన్నల గురించి ఒక్క పేజీ ఉండదు. అన్నా, ఒక చిన్న రిక్వెస్టు, అట్లాంటి నవలల లోపలి అట్ట మీద మనసు బాగాలేనోళ్ల కోసం గవర్నమెంటు నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 అని స్టాంపు వేయించండి, ఫ్రీనే, తెలుగులోనే మాట్లాడతారు. స్టాంపు డబ్బులు నేనిస్తా.