తాలింపు పొగను లెక్కగట్టిన యంత్రం

కూకట్‌పల్లిలో ప్రధాన రహదారి పక్కనున్న మా ఫ్లాటులో, గాలి నాణ్యతను కొలిచే చిన్న యంత్రాన్ని మూడు నెలలుగా వాడుతున్నాను. బయటి వాహనాల పొగే మా ఇంటి ప్రధాన కాలుష్యమని నమ్మిన నాకు, ఎండుమిర్చి తాలింపు వేసినప్పుడూ సాయంత్రం సాంబ్రాణి వెలిగించినప్పుడూ పీఎం 2.5 (గాలిలోని అతి సన్నని ధూళి కణాలు) అంకె 200 దాటడం చూసి భయం వేసింది. రోజు సగటు ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. మన దేశ ప్రమాణం 60. ఇప్పుడు పొయ్యి వెలిగించకముందే చిమ్నీ వేసి, వంట ముగిశాక కూడా పావుగంట నడవనిస్తున్నాము.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది కార్బన్ డయాక్సైడ్ కొలత. ఏసీ వేసి తలుపులన్నీ మూసిన పడకగదిలో తెల్లవారేసరికి అది 2000 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 2000 భాగాలు) దాటేది. హెపా ఫిల్టరున్న ప్యూరిఫయర్ ధూళిని పడుతుందే గాని ఈ వాయువును తగ్గించలేదు కనుక, కిటికీ కొద్దిగా తెరిచి పడుకోవడం అలవాటు చేసుకున్నాము. కొనేవారు కార్బన్ డయాక్సైడ్‌ను పరారుణ కాంతితో కొలిచే ఎన్‌డీఐఆర్ సెన్సర్ ఉందో లేదో తప్పక చూడాలి. కొన్ని చౌక రకాలు ఈ వాయువును నేరుగా కొలవకుండా, ఇతర వాయువులను బట్టి అంచనా వేసి చూపుతాయి.

లోపం లేకపోలేదు. ముసురు పట్టిన రోజుల్లో తేమ వల్ల ధూళి అంకె అసలుకన్నా ఎక్కువగా కనిపిస్తుంది. బ్యాటరీ కూడా నాలుగు గంటలకు మించి నిలవదు.