మెనూ తెరుచుకోవడం సరే, మూసుకోవడం మాటేమిటి? ఫిగ్మా, ఆక్షూర్, నేరుగా కోడ్: ఏది మేలు?

వెబ్‌సైటు మెనూని తెరిచి చూపించడం ఫిగ్మా, ఆక్షూర్ లాంటి ఏ ప్రోటోటైపింగ్ టూల్‌కైనా (అసలు సైటు కట్టకముందే నొక్కి చూసే నమూనా తయారుచేసే సాఫ్ట్‌వేర్‌కైనా) చేతనవుతుంది. తెరుచుకున్న మెనూ ఎప్పుడు మూసుకోవాలి, ఎప్పుడు మూసుకోకూడదు అన్న దగ్గరే వాటి మధ్య తేడా బయటపడుతుంది. యూఐ డిజైన్ (సైట్లు, యాప్‌ల తెరల రూపకల్పన) నేర్చుకుంటున్న పిల్లలు “అన్నా, ఫిగ్మా ఒక్కటి వస్తే చాలదా, ఆక్షూర్ కూడా కావాలా?” అని అడిగితే నేను ముందు వాళ్ల మెనూ గురించి అడుగుతాను. మౌస్ పెడితే తెరుచుకుంటుందా, నొక్కితేనా? లోపల ఇంకో మెనూ ఉందా? ఈ రెండూ తేలితే టూల్ సంగతి సగం తేలినట్టే.

ఉదాహరణకి ఒక తెలుగు పుస్తకాల దుకాణం సైటు అనుకుందాం. పైన ఐదు మాటలు: పుస్తకాలు, రచయితలు, పత్రికలు, కొత్తవి, సంప్రదించండి. మొదటి మూడింటికీ కింద పలకలు తెరుచుకోవాలి. ‘పుస్తకాలు’ కింద నవలలు, కథలు, కవిత్వం, పిల్లలవి, శాస్త్రం. ‘నవలలు’ పక్కన మళ్లీ చారిత్రకం, అనువాదం, డిటెక్టివ్.

ఫిగ్మాలో మొదటిసారి చేసేవాళ్లు దాదాపు అందరూ ఒకే చోట చిక్కుకుంటారు. ‘పుస్తకాలు’ అన్న మాట మీద ‘వైల్ హోవరింగ్’ (మౌస్ పైన ఉన్నంతసేపు) అన్న ట్రిగ్గర్ పెట్టి, కింది పలకని ఓవర్‌లేగా, అంటే పేజీ మీద పరుచుకునే పొరగా తగిలిస్తారు. మౌస్ పెట్టగానే పలక వస్తుంది. ‘కథలు’ నొక్కుదామని మౌస్ కిందికి దించగానే పోతుంది. ఆ ట్రిగ్గర్ మౌస్ ఆ మాట మీద ఉన్నంతసేపే పనిచేస్తుంది మరి. అప్పుడు ‘మౌస్ ఎంటర్’ (మౌస్ లోపలికి రాగానే)తో తెరిచి, పలక మీద ‘మౌస్ లీవ్’ (మౌస్ బయటికి పోగానే) పెట్టి మూయిస్తారు. ఇది నయమే కానీ ఇందులోనూ ఒక కన్నం ఉంది. మౌస్‌ని పలకలోకి దించకుండా పక్కకి లాగేసినవాళ్లకి పలక తెరిచే ఉండిపోతుంది. అసలు లోపలికే వెళ్లని మౌస్ బయటికి రావడమనేది జరగదు కదా.

నిలబడే దారి ఇంకోటి ఉంది. పై పట్టీ మొత్తాన్నీ ఒకే కాంపోనెంట్‌గా (మళ్లీ మళ్లీ వాడుకునే ముక్కగా) చేసి, మూసి ఉన్నది ఒక వేరియంట్ (అదే ముక్కకి ఇంకో రూపం), ఒక్కో పలక తెరుచుకున్నది ఒక్కో వేరియంట్ అని గీసి, ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మార్చే ‘చేంజ్ టు’తో కలపాలి. మాటా, పలకా ఒకే ఫ్రేములో ఉంటాయి కాబట్టి మధ్యలో జారిపోయే సందు ఉండదు. మూసే పని మొత్తం ఫ్రేము మీద పెట్టిన ‘మౌస్ లీవ్’ చూసుకుంటుంది. ఆ పట్టీని పేజీలో ఆటో లేఅవుట్ (ఒకటి పెరిగితే మిగతావాటిని తనే జరిపే అమరిక) లెక్కలోంచి తప్పించి పెట్టాలి. మరిచిపోతే మెనూ తెరుచుకున్నప్పుడల్లా కింది పేజీ అంతా దిగజారుతుంది. మూసినది ఒకటి, తెరిచినవి మూడు, మొత్తం నాలుగు వేరియంట్లు. చదువరి ఇప్పుడు ఏ పేజీలో ఉన్నాడో గుర్తు వేయడం కూడా వేరియంట్లతోనే చేస్తే ఐదు పేజీలకి 20 అవుతాయి. ఇంకా ‘నవలలు’ పక్కన తెరుచుకునే రెండో మెనూ లెక్కలోకి రానే లేదు. 2023 జూన్‌లో ఫిగ్మాకి వేరియబుల్స్ (విలువలు గుర్తుంచుకునే పెట్టెలు), షరతులు వచ్చాక ఈ బరువు కొంత తగ్గింది. అయినా రెండో అంతస్తు మెనూ దగ్గరికి వచ్చేసరికి వేరియంట్లని కలిపే గీతల చిక్కు మామూలే.

ఫోన్ మెనూకి వస్తే కథ తిరగబడుతుంది. అక్కడ ఫిగ్మాకి సాటి లేదంటాను. మూడు గీతల గుర్తు నొక్కితే ఎడమ నుంచి జారి వచ్చే పలకని ఓవర్‌లేగా పెట్టి, వెనక చీకటి పరిచి, బయట నొక్కితే మూసుకునేలా టిక్ పెట్టడానికి పది నిమిషాలు కూడా పట్టదు. రెండు వేరియంట్లలోనూ లేయర్ల (బొమ్మలోని ఒక్కో భాగం) పేర్లు ఒకటే ఉంటే, స్మార్ట్ యానిమేట్ అన్న కదలిక ఆ మూడు గీతలని తనంతట తానే ఇంటూ గుర్తుగా తిప్పుతుంది. పేరు ఒక్క అక్షరం తేడా వచ్చినా తిరగదు, మసకబారి మారుతుంది, అందుకే పేర్లు పెట్టడంలో బద్ధకించవద్దని మరీ మరీ చెబుతాను. ‘పుస్తకాలు’ నొక్కితే దాని కిందే విచ్చుకునే అకార్డియన్ అయితే ఇంకా సులువు. తెరిచిన వేరియంట్ ఎత్తు పెరిగినంత మేర ఆటో లేఅవుట్ మిగతావాటిని కిందికి జరుపుతుంది. ఇందాక పై పట్టీ దగ్గర అడ్డొచ్చిన గుణమే ఇక్కడ సాయపడుతుంది.

ఆ మూడు గీతలు 1981లో వచ్చిన జిరాక్స్ స్టార్ కంప్యూటర్ కోసం డిజైనర్ నార్మ్ కాక్స్ గీసినవి. అంత పాతవైనా, వాటి అర్థం తెలియనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పక్కన ‘మెనూ’ అని రెండక్షరాలు రాస్తే పోయేదేమీ లేదు.

ఇక ఆక్షూర్ ఆర్‌పీ. చూడటానికి పాతకాలపు ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది, కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకోవాలి, చేయి తిరగడానికి వారాలు పడుతుంది. కానీ మనం పట్టుకున్న ప్రశ్నకి దీని దగ్గర తయారుగా జవాబుంది. పలకని డైనమిక్ ప్యానెల్‌గా (చూపించి దాచగల పెట్టెగా) చేసి, ‘షో’ చర్యలో ‘ట్రీట్ యాజ్ ఫ్లైఔట్’ ఎంచుకుంటే, మౌస్ ఆ మాట మీదా పలక మీదా రెండింటి మీదా లేనప్పుడే పలక మూసుకుంటుంది. ఫిగ్మాలో వేరియంట్లు పేర్చి సాధించినది ఇక్కడ ఒక్క ఎంపికతో అయిపోతుంది. లోపలి మెనూకీ అదే పద్ధతి. అకార్డియన్ కావాలంటే, కిందివాటిని తోసే ‘పుష్ విడ్జెట్స్’ ఉంది. ఏ పేజీలో ఉన్నామో గుర్తు వేయడానికి 20 బొమ్మలు అక్కర్లేదు. మెనూని అన్ని పేజీలకీ ఒకే మాస్టర్‌గా (ఉమ్మడి ముక్కగా) పెట్టి, లోడ్ అయినప్పుడు పేజీ పేరు చూసి సరైన మాటని ‘సెలెక్టెడ్’ చేయమని షరతు రాస్తే చాలు. వెతుకు పెట్టెలో నిజంగా టైప్ చేసి, ఆ మాటని బట్టి వేరే పేజీకి పంపించవచ్చు కూడా.

అయితే ఆక్షూర్‌లో కదలికలు ఫిగ్మా అంత మెత్తగా రావు. టీమ్‌లో మిగతావాళ్లంతా ఫిగ్మాలో ఉంటే మీరు ఒక్కరే వేరే ఫైలు మోస్తూ తిరగాలి, అక్కడ రంగు మారితే ఇక్కడా మార్చాలి. నా మట్టుకు ఈ రెండు ఫైళ్ల కాపురమే ఆక్షూర్‌లోని పెద్ద లోటు. పేజీ మొత్తం అక్కడ గీయకుండా, పరీక్షించాల్సిన మెనూ ఒక్కటీ బూడిద రంగులో, అలంకారం లేకుండా కట్టుకుంటే బాధ చాలా తగ్గుతుంది.

ఇలాంటిదే ఇంకో టూల్ అడోబీ ఎక్స్‌డీని ఈ పోలికలోకి తీసుకురావడం లేదు. 2023 నుంచి దానికి కొత్త సదుపాయాలు చేర్చడం ఆపేశారు. పాత ఫైళ్లు ఉన్నవాళ్లకి తప్ప కొత్తగా నేర్చుకునేవాళ్లకి సిఫారసు చేయలేను.

మూడో దారి నేరుగా హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్‌లో (వెబ్ పేజీలు రాసే భాషల్లో) మెనూ ఒక్కటే రాసి చూడటం. డిజైనర్లు దీనికి భయపడతారు. భయపడాల్సినంత ఏమీ లేదు, నొక్కితే తెరుచుకునే మెనూకి ‘డీటెయిల్స్’, ‘సమరీ’ అన్న రెండు ట్యాగులతో పని మొదలవుతుంది. కోడ్‌కి వెళ్లాల్సిన అసలు కారణం కీబోర్డు. ట్యాబ్ నొక్కుతూ పోతే ఏ మాట తర్వాత ఏ మాటకి వెళ్తుంది, ఎస్కేప్ నొక్కితే పలక మూసుకుంటుందా, చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ (తెర మీది మాటలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) ‘తెరిచి ఉంది’ అని చెబుతుందా అన్నవి బ్రౌజర్‌లో నిజమైన పేజీ మీద చూస్తేనే నమ్మకం. వెబ్‌సైట్లు వైకల్యం ఉన్నవాళ్లకీ అందేలా ఉండాలని చెప్పే, 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1 ప్రమాణం మౌస్ పెడితే వచ్చే పలకలకి మూడు షరతులు పెట్టింది: మౌస్ కదపకుండానే మూయగలగాలి, పలక మీదికి మౌస్ వెళ్లినా అది పోకూడదు, చదివేవాళ్లు వదిలేదాకా నిలబడాలి. ఫిగ్మాలో మొదటిసారి చేసిన మెనూ పడిపోయేది ఈ రెండో షరతు దగ్గరే.

ఇంకో చిక్కు కూడా కోడ్‌లోనే బాగా విడుతుంది. ‘నవలలు’ నుంచి పక్క పలకలోని ‘డిటెక్టివ్’కి మౌస్ ఏటవాలుగా పోతుంది. దారిలో ‘కథలు’కి తగులుతుంది, వెంటనే పలక మారిపోతుంది. అమెజాన్ సైటు దీన్ని ఎలా దాటిందో బెన్ కామెన్స్ అన్న ప్రోగ్రామర్ 2013లో విడమరిచి రాశారు. మౌస్ ఉన్న చోటు నుంచి పక్క పలక పై మూలకీ కింది మూలకీ ఒక ఊహా త్రికోణం గీసి, మౌస్ ఆ త్రికోణంలో కదులుతున్నంతసేపూ పలక మారకుండా ఆపుతారు. ఫిగ్మాలో ‘మౌస్ ఎంటర్’కి కొన్ని మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టి దీనికి దగ్గరగా రావచ్చు, ఆక్షూర్‌లో ‘వెయిట్’ చర్యతో అదే పని చేయవచ్చు. ఆలస్యం పెడితే మెనూ మందకొడిగా అనిపిస్తుంది, త్రికోణంతో ఆ ఇబ్బంది లేదు.

మరి మన పుస్తకాల దుకాణానికి? నేనైతే ముందు మెనూనే మారుస్తాను. ఫోన్‌లో మౌస్ లేదు, హోవర్ (మౌస్ పైన నిలపడం) లేదు. మన సైట్లకి వచ్చేవాళ్ల చేతిలో ఎక్కువగా ఉండేది ఫోనే. ‘నవలలు’ పక్కన తెరుచుకునే రెండో మెనూ తీసేసి ఆ మూడింటినీ నవలల పేజీలోకి పంపిస్తాను, పై మెనూ నొక్కితే తెరుచుకునేలా చేస్తాను. అలా మార్చాక ఫిగ్మా ఒక్కటే సరిపోతుంది, ఆక్షూర్ నేర్చుకోవాల్సిన పని పడదు. ఆఫీసు ఇంట్రానెట్, ప్రభుత్వ శాఖల సైట్ల లాంటి చోట రెండు మూడు అంతస్తుల హోవర్ మెనూ తప్పనిసరి అంటే మాత్రం రెండో మాట లేకుండా ఆక్షూర్‌కే ఓటు. ఏది ఎంచుకున్నా, డెవలపర్ చేతికి ఇచ్చేముందు మెనూ ఒక్కటి కోడ్‌లో రాసి ట్యాబ్, ఎస్కేప్ నొక్కి చూడాలి. ఆ పూట పనిని నేను ఎప్పుడూ వదులుకోను.

టూల్ ఏదైనా మాటలు మాత్రం మొదటి రోజు నుంచే తెలుగులో పెట్టండి. ‘హోమ్’, ‘అబౌట్’ అని ఇంగ్లిషులో నింపి డిజైన్ ఖాయం చేసుకుని చివర్లో తెలుగు పోస్తే, ‘సంప్రదించండి’ పక్క మాట చోటులోకి వెళ్తుంది. ఫిగ్మాలో మామూలుగా వచ్చే ఇంటర్ ఫాంటులో తెలుగు అక్షరాలు లేవు, కాబట్టి నోటో సాన్స్ తెలుగో, మండలియో మీరే ఎంచుకోవాలి. లైను ఎత్తు అక్షరం సైజుకి కనీసం ఒకటిన్నర రెట్లు ఉంచండి. ఆ తర్వాత ప్రోటోటైప్‌ని ఫోన్‌లో తెరిచి, మెనూలోని ‘శాస్త్రం’ అన్న మాట కింద వత్తులు పూర్తిగా కనిపిస్తున్నాయో, కింది గీతలో తెగిపోతున్నాయో దగ్గరగా చూడండి.