ప్రచారం చూసే ట్రస్టీగానా, బయటి వాలంటీరుగానా: ఏది మేలు?

బ్రిటన్‌లో బుట్టల అల్లిక, సున్నం లేకుండా రాళ్లు పేర్చి గోడలు కట్టడం, కొయ్య చెక్కడం వంటి పాత వృత్తులను నిలబెట్టడానికి పనిచేసే స్వచ్ఛంద సంస్థలు చాలా ఉన్నాయి. వాటిలో చిన్నవాటికి జీతానికి పనిచేసే మనిషి ఒక్కరు ఉంటే గొప్ప. అందుకే కొత్త ట్రస్టీల (అంటే సంస్థను నడిపే బోర్డు సభ్యుల) కోసం పిలుపునిచ్చేటప్పుడు ప్రచారం చూసుకోగలవారికి ప్రాధాన్యం అని చేరుస్తుంటాయి. పత్రికల్లోనో ప్రకటనల రంగంలోనో అనుభవం ఉండి, తీరిక సమయాన్ని మంచి పనికి ఇవ్వాలనుకునేవారిని ఈ పిలుపు ఆకర్షిస్తుంది. కానీ వార్తాలేఖలు రాయడం, ఫొటోలు తీయడం, విలేకరులతో మాట్లాడడం వంటి పనులన్నీ ట్రస్టీ కాకుండా మామూలు వాలంటీరుగా కూడా చేయవచ్చు. రెండింటిలో దేన్ని ఎంచుకోవాలన్నది మీ నైపుణ్యాన్ని బట్టి తేలదు. ఆ సంస్థలో మీరు ఏం మార్చాలనుకుంటున్నారన్నదే దాన్ని తేలుస్తుంది.

ముందు డబ్బు సంగతి, ఎందుకంటే అది త్వరగా తేలిపోతుంది. రెండింటిలోనూ జీతం లేదు. ప్రయాణం వంటి చేతి ఖర్చులు మాత్రం తిరిగి అడిగి తీసుకోవచ్చు. పోనీ పేరైనా వస్తుందా అంటే, ట్రస్టీ పేరు చారిటీలను, అంటే స్వచ్ఛంద సంస్థలను, పర్యవేక్షించే చారిటీ కమిషన్ రిజిస్టరులో అందరికీ కనిపిస్తుంది. వాలంటీరు పేరు సంస్థ తలచుకుంటేనే ఎక్కడైనా కనిపిస్తుంది.

అసలు తేడా బాధ్యతలో ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లకు వర్తించే 2011 నాటి చారిటీల చట్టం ప్రకారం, సంస్థ పాలనపై సాధారణ అదుపు, నిర్వహణ ఎవరి చేతిలో ఉంటాయో వారే ట్రస్టీలు. ప్రచార ట్రస్టీ అనే విడి హోదా ఆ చట్టంలో లేదు. అది బోర్డులోని వారు తమలో తాము పంచుకున్న పని మాత్రమే. కాబట్టి మీరు పోస్టర్లు మాత్రమే చూసుకుంటానని చేరినా లెక్కలు, ఆస్తులు, ఉద్యోగుల వ్యవహారాలు, శిక్షణ శిబిరాల్లో భద్రత అన్నిటికీ మిగతా ట్రస్టీలతో సమానంగా జవాబుదారీ అవుతారు. కోశాధికారి లెక్కల్లో తప్పు దొర్లితే, నేను ప్రచారం మాత్రమే చూసేవాణ్ణి అన్న మాట ఎక్కడా చెల్లదు.

పైగా చాలామంది గమనించని మెలిక ఒకటుంది. 2000 నాటి ట్రస్టీ చట్టం అందరి నుంచీ తగిన శ్రద్ధ, నైపుణ్యం ఆశిస్తుంది. ఒక ట్రస్టీకి ప్రత్యేక పరిజ్ఞానం ఉన్నా, ఉందని చెప్పుకున్నా, దాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. అంటే ప్రచారంలో ఇరవై ఏళ్ల అనుభవం ఉందని చెప్పి బోర్డులో చేరినవారు విరాళాల విజ్ఞప్తిలో తప్పుదారి పట్టించే మాట రాస్తే, అదే తప్పు చేసిన కొత్తవారికన్నా వారికి జవాబు చెప్పుకోవడం కష్టం. మిమ్మల్ని పిలవడానికి కారణమైన నైపుణ్యమే మీ మీద కొలత పెంచుతుంది. బోర్డు పెద్దలు టీ ఇచ్చి ఆహ్వానించేటప్పుడు ఈ సంగతి ఎత్తరు. వారిలో చాలామందికి తెలియదు కూడా.

సొంత ఫోను మీద స్వేచ్ఛ కూడా కొంత తగ్గుతుంది. సోషల్ మీడియాపై చారిటీ కమిషన్ 2023లో మార్గదర్శకాలు ఇచ్చింది. సంస్థకు ఒక విధానం ఉండాలని, ట్రస్టీలు సొంత ఖాతాల్లో పెట్టే పోస్టులు కూడా సంస్థ ప్రతిష్ఠను తాకవచ్చని అవి గుర్తుచేస్తాయి. వాలంటీరు విషయంలోనూ ఇబ్బంది రావచ్చు. కానీ రాజకీయాల మీద ఘాటుగా రాయడం అలవాటైనవారికి ట్రస్టీ పదవి మరింత ఇరుకుగా ఉంటుంది.

ఇన్ని బరువులు ఉన్నప్పుడు ట్రస్టీ పదవి ఎందుకు? దేన్ని ప్రచారం చేయాలి, ఎంత చేయాలి, ఎప్పుడు ఆపాలి అన్నవి బోర్డులోనే తేలుతాయి కనుక. హస్తకళల విషయంలో ఈ మూడూ పెద్ద ప్రశ్నలే.

హెరిటేజ్ క్రాఫ్ట్స్ అనే సంస్థ 2017లో అంతరించే ప్రమాదంలో ఉన్న చేతివృత్తుల ఎర్ర జాబితాను మొదటిసారి విడుదల చేసింది. చేతితో కుట్టే క్రికెట్ బంతులు, లాక్రాస్ ఆట కర్రలు, బంగారు రేకులు, జల్లెడల తయారీ అప్పటికే బ్రిటన్‌లో అంతరించాయని అందులో తేల్చింది. క్రికెట్ పుట్టిన దేశంలో చేతితో బంతి కుట్టేవారు లేరన్న మాట దానంతట అదే పతాక శీర్షిక అవుతుంది, ఏ నినాదమూ అక్కర్లేదు. జల్లెడల తయారీని తరువాత కొందరు మళ్లీ నేర్చుకుని చేపట్టడంతో 2019 జాబితాలో అది అంతరించిన వాటిలోంచి బయటపడింది. జాబితా 2021, 2023, 2025లలోనూ కొత్తగా వెలువడింది. నా దృష్టిలో ఈ రంగంలో ఇంతకన్నా మంచి ప్రచారం లేదు. అయితే ఇది పోస్టులు పెట్టే మనిషి ఒంటరిగా చేయగలిగింది కాదు. పరిశోధనకు డబ్బు కేటాయించాలి, ఏది వృత్తి ఏది కాదో తేల్చుకోవాలి, అంతరించిందని ప్రకటించే ధైర్యం ఉండాలి. అవన్నీ పాలకమండలి పనులు. వాలంటీరు ఎంత మంచి ఆలోచన చెప్పినా, బోర్డులో దాన్ని ఎవరో ఒకరు తమదిగా చేసుకుని వాదించాలి.

ఎప్పుడు ఆపాలన్న ప్రశ్నకు షెఫీల్డ్‌లోని ఎర్నెస్ట్ రైట్ కత్తెరల సంస్థ కథ చూడాలి. అది చారిటీ కాదు, వ్యాపార సంస్థ. కత్తెర రెండు పలకలను చేతితో సరిచేసి జతకూర్చే ఒక పనివాడి మీద 2014లో తీసిన చిన్న వీడియోను ఇంటర్నెట్‌లో అసంఖ్యాకంగా చూశారు. ఆర్డర్లు వెల్లువెత్తాయి. కానీ ఆ పని నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఆర్డర్లు పెరిగిన వేగంతో చేతులు పెరగలేదు. 2018లో సంస్థ చేతులెత్తేసింది. కొత్త యజమానులు వచ్చి దాన్ని మళ్లీ నిలబెట్టారు. ఆ పతనానికి ప్రచారమే కారణమని నేను అనను, వ్యాపారం దెబ్బతినడానికి చాలా కారణాలు ఉంటాయి. కానీ ఎంత పేరు వచ్చినా అది ఒక్కటే వృత్తిని నిలబెట్టదని మాత్రం ఈ కథ చూపిస్తుంది. ఇద్దరు ముగ్గురే మిగిలిన వృత్తి గురించి పెద్ద ఎత్తున ప్రచారం చేయాలని బోర్డు ఉత్సాహపడుతున్నప్పుడు, ముందు శిష్యులకు జీతమిచ్చే పథకం పెడదాం, తరువాత కెమెరా తీసుకెళదాం అని అడ్డుపడగలిగే మనిషి ఒకరు లోపల ఉండాలి. ప్రచారం గురించి బాగా తెలిసినవారు చెబితేనే ఆ మాటకు విలువ. బయటి వాలంటీరు అదే మాట అంటే పని తప్పించుకుంటున్నాడని అనుకునే ప్రమాదం ఉంది.

అయితే లోపల ఉన్నంత మాత్రాన గెలుస్తామని లేదు. ఒక ట్రస్టీకి మామూలుగా ఒకే ఓటు. ఓడిపోతే అసమ్మతిని మినిట్స్‌లో రాయించుకోవచ్చు గానీ, ఆ నిర్ణయాన్ని బయట విలేకరులకు చెప్పాల్సింది మళ్లీ మీరే.

వాలంటీరు వైపు లాభాలు తక్కువేమీ కావు. పని మొత్తం పనిలాగే ఉంటుంది. ఒక కుమ్మరి దగ్గర పగలంతా కూర్చుని ఫొటోలు తీసి వాటికి మంచి మాటలు రాయాలని మీ కోరిక అయితే, దాని కోసం బడ్జెట్ చర్చల్లో సాయంత్రాలు గడపాల్సిన అవసరం లేదు. నచ్చకపోతే ఎవరికీ రాజీనామా పత్రం రాయకుండా బయటికి రావచ్చు. కాపీహక్కుల సంగతి కూడా చూసుకోవాలి. బ్రిటన్ చట్టం ప్రకారం ఉద్యోగి విధుల్లో తీసిన ఫొటో మామూలుగా యజమానిది, వాలంటీరు తీసిన ఫొటో రాతపూర్వకంగా బదలాయిస్తే తప్ప తీసినవారిదే. మంచి ఉద్దేశంతో మొదలైన స్నేహాలు ఇక్కడే చెడతాయి కనుక, మొదటి క్లిక్కు ముందే ఒక పేజీ ఒప్పందం రాసుకోవడం ఇరువురికీ మంచిది.

వాలంటీరుకు ఉన్న ప్రధాన కష్టం అనుమతులు. బోర్డు మూడు నెలలకోసారి కలిసే సంస్థలో ఒక పత్రికా ప్రకటనకు ఎవరూ సరే అనకపోతే అది పాతబడిపోతుంది. దీనికి విసుగొచ్చి కొందరు వాలంటీర్లు తామే నిర్ణయాలు చేయడం మొదలుపెడతారు. అది ప్రమాదం. చట్టం చూసేది పదవి పేరును కాదు, అదుపు ఎవరి చేతిలో ఉందన్నదాన్ని. కాబట్టి సంస్థను నిజంగా నడిపేవారు రిజిస్టరులో పేరు లేకపోయినా ట్రస్టీలుగానే పరిగణన పొందవచ్చు. అధికారం లేకుండా బాధ్యత మాత్రం మిగిలే ఆ స్థితి అన్నిటికన్నా హీనం.

వీటి మధ్య మూడో దారి ఒకటుంది, నేను ఎక్కువమందికి సూచించేది అదే. చాలా సంస్థల నియమావళి ట్రస్టీలు కానివారిని ఉపసంఘాల్లో చేర్చుకోనిస్తుంది. ప్రచార ఉపసంఘంలో ఒక ఏడాది పనిచేస్తే సంస్థలోని కళాకారులు ఎవరు, కుర్చీల కోసం చేరినవారు ఎవరు, డబ్బు ఎటు పోతోంది అన్నవి తెలుస్తాయి. ఆ ఏడాదిలో అడిగినంత అనుమతులు సకాలంలో అందుతుంటే ట్రస్టీ కావాల్సిన అవసరమే రాకపోవచ్చు. అందకపోతే, మీకు కావలసింది ఓటు అని అప్పుడు తేలుతుంది.

చేరదామని నిశ్చయించుకుంటే మాత్రం సంస్థ ఏ రూపంలో నమోదైందో మొదట అడగండి. కంపెనీగానో, సీఐఓ (చారిటీల కోసమే ఉన్న నమోదు రూపం) గానో నమోదైతే సంస్థ అప్పులు మామూలుగా ట్రస్టీల సొంత జేబు దాకా రావు. అలా నమోదు కాని పాత తరహా ట్రస్టులో ఒప్పందాలు ట్రస్టీల పేరు మీదే ఉంటాయి, నష్టమూ వారి మీద పడవచ్చు. రిజిస్టరులో చాలా సంస్థల వార్షిక లెక్కలు ఉచితంగా చదవవచ్చు. ఆర్థిక సంవత్సరం ముగిసిన 10 నెలల్లోపు వాటిని దాఖలు చేయాలి, ఆలస్యమైతే అక్కడే కనిపిస్తుంది. ఆ తరువాత అధ్యక్షుణ్ణి ఒక ప్రశ్న అడగండి: కొత్త ట్రస్టీ నుంచి మీరు ఏం ఆశిస్తున్నారు? వారానికి మూడు పోస్టులు అని జవాబు వస్తే మర్యాదగా వాలంటీరు పని అడిగి తీసుకోండి. ఏ వృత్తులను ముందుకు తేవాలో తేల్చుకోలేకపోతున్నాం అని వస్తే బోర్డులో చేరండి.