‘ఎక్స్-వర్క్స్’ ర్యాలీ మినీ కొనబోతున్నారా? ముందు నా 58 వేల పౌండ్ల కథ వినండి

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో ఉంటూ పాత కార్ల పిచ్చి పట్టిన మనవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా ‘ఎక్స్-వర్క్స్’ అని, అంటే ఒకప్పుడు కంపెనీ సొంత ర్యాలీ టీమ్ నడిపిన కారు అని చెప్పి అమ్మే మినీ కూపర్ ఎస్ (మినీ కారులో వేగమైన రకం) మీద కన్నేసినవాళ్ళ కోసం. పోయినేడాది నేను అలాంటిది ఒకటి కొన్నాను. 58 వేల పౌండ్లు పెట్టాను. తర్వాత ఇద్దరు నిపుణులకు విడివిడిగా చూపిస్తే ఇద్దరూ 18 వేలకు మించదన్నారు. అమ్మినవాళ్ళ పేరు రాయను, విషయం లాయర్ దగ్గర ఉంది, దయచేసి అడగొద్దు.

ఆ కారంటే నాకంత మోజు ఎందుకో చెప్పకపోతే వీడెవడో అమాయకుడు అనుకుంటారు. (అమాయకుణ్ణే, అది వేరే సంగతి.) గేడన్‌లో బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఉంది కదా, అక్కడ మూడు ఎర్ర మినీలు ఉంటాయి. 1964 మాంటీ కార్లో ర్యాలీలో ప్యాడీ హాప్‌కర్క్ గెలిచిన 33 ఈజేబీ, 1965లో టిమో మాకినెన్ గెలిచిన ఏజేబీ 44బీ, 1967లో రావ్నో ఆల్టోనెన్ గెలిచిన ఎల్‌బీఎల్ 6డీ. మధ్యలో 1966లో కూడా మొదటి మూడు స్థానాలూ మినీలవే, కానీ హెడ్‌లైట్లు నిబంధనల ప్రకారం లేవని అన్నిటినీ పక్కన పెట్టేసి గెలుపు సిట్రోయెన్‌కి ఇచ్చారు. మా అబ్బాయిని తీసుకెళ్ళి 33 ఈజేబీ ముందు నిలబడితే, ఇంత చిన్న డబ్బా, మంచులో, ఆ కొండ దారుల్లో, పెద్ద పెద్ద ఇంజన్ల కార్లని ఓడించిందా అని నాకే ఒళ్ళు జలదరించింది. ఆ మూడింటినీ ర్యాలీకి సిద్ధం చేసింది ఆబింగ్డన్‌లోని బీఎంసీ (అప్పట్లో మినీలు తయారు చేసిన కంపెనీ) కాంపిటీషన్స్ డిపార్ట్‌మెంట్. 1970లో దాన్ని మూసేశారు. అక్కడి నుంచి బయటికొచ్చిన కారు అని తేలితే ధర మామూలు కూపర్ ఎస్‌కి రెండు మూడు రెట్లు దాటుతుంది, పేరున్న ర్యాలీలో నడిచిందైతే ఇక చెప్పక్కర్లేదు. మోసం పుట్టేది ఈ తేడాలోనే.

నాకు అమ్మినవాడు ఎంత తెలివైనవాడంటే, ఈ కారు ఏ ర్యాలీ గెలిచిందనీ చెప్పలేదు, అసలు ఏ ర్యాలీలో పాల్గొందనీ చెప్పలేదు. ఇది ‘రెక్కీ కారు’ అన్నాడు. ర్యాలీకి ముందు డ్రైవరూ, కోడ్రైవరూ దారంతా తిరిగి మలుపు మలుపుకీ నోట్సు రాసుకునేవాళ్ళు, దానికోసం టీమ్ దగ్గర వేరే కార్లు ఉండేవి, ఇదంతా నిజమే. అసలు కారు అయితే ఎంట్రీ లిస్టు ఉంటుంది, ఫలితాల పట్టిక ఉంటుంది, పత్రికల్లో ఫోటోలుంటాయి, ఎవడైనా సరిచూసుకోవచ్చు. రెక్కీ కారుకి వీటిలో ఒక్కటీ ఉండదు. ‘అందుకే సార్ మీకు ఈ ధరకి వస్తోంది, లేకపోతే లక్ష దాటేది’ అన్నాడు. నేను ఆ మాటకే పడిపోయాను.

కారుతో పాటు లావుపాటి ఫైల్ ఒకటి ఇచ్చాడు. అందులో ఒక నలుపు తెలుపు ఫోటో, నంబర్ ప్లేటు సగం మంచులో మునిగి ఉంది. ఆబింగ్డన్‌లో పనిచేశానని చెప్పుకున్న ఒక మెకానిక్ ఉత్తరం, ‘ఈ కారు నాకు బాగా గుర్తు’ అని టైపు చేసి కింద సంతకం. ఆయన పోయి చాలా ఏళ్ళయిందట. పాత లాగ్‌బుక్ (రిజిస్ట్రేషన్ పుస్తకం) జిరాక్సు, అసలుది ‘ఇల్లు మారినప్పుడు’ పోయిందట. ఇక గేడన్ ఆర్కైవ్ ఇచ్చే హెరిటేజ్ సర్టిఫికెట్ ఏదంటే ‘అప్లై చేశాం, వచ్చేస్తుంది’ అన్నారు. ఫైల్ బరువు చూసి మురిసిపోయాను గానీ, అందులో బయటి ఆఫీసు ఏదైనా స్వయంగా ఇచ్చిన కాగితం ఒక్కటైనా ఉందా అని చూడలేదు.

మా ఆవిడ అయితే ఇంటికొచ్చిన రోజే ఒక్క మాటలో తేల్చేసింది. ‘ఊళ్ళో రెండొందల గజాల ప్లాటుకి 30 ఏళ్ళ ఈసీ తీయించావు, లింక్ డాక్యుమెంట్లు ఒక్కోటి లాయర్‌కి చూపించావు, దీనికి జిరాక్సులు చూసి డబ్బు కట్టొచ్చావా?’ అని. నిజంగా ఇంతకన్నా బాగా చెప్పలేను. పాత ర్యాలీ కారు విలువంతా లింక్ డాక్యుమెంట్లలోనే ఉంది. ఆబింగ్డన్ నుంచి మొదట ఎవరు కొన్నారు, వాళ్ళ నుంచి ఎవరికి, ఆ తర్వాత ఎవరికి, ఎక్కడ లింకు తెగింది. నా కారు ఫైల్లో 1970 నుంచి 1990ల దాకా ఖాళీ. ఆ ఇరవై ఏళ్ళూ ‘ఒక రైతు కొట్టంలో ఉండిపోయింది’ అన్నాడు. ప్రతి నకిలీ కారూ కొంతకాలం ఏదో ఒక రైతు కొట్టంలో నిద్రపోయే ఉంటుందని ఇప్పుడు నాకు అర్థమైంది.

చివరికి సర్టిఫికెట్ నేనే తెప్పించుకున్నాను. ఫ్యాక్టరీ అప్పట్లో రాసుకున్న రికార్డుల నుంచే ఇస్తారు కాబట్టి అందులో కారు తయారైన తేదీ, రంగు, ఇంజన్ నంబరు, ఎవరికి పంపారు అన్నీ ఉంటాయి. నా ఛాసిస్ నంబరు కే-ఏ2ఎస్4తో మొదలవుతుంది, మోరిస్ పేరుతో అమ్మిన కూపర్, కూపర్ ఎస్ రెండిటికీ మొదలు ఇదే (మినీలని ఆస్టిన్, మోరిస్ అనే రెండు పేర్లతో అమ్మేవాళ్ళు), అక్కడిదాకా నిజమే. కానీ రంగు ఆల్మండ్ గ్రీన్, కప్పు తెలుపు. పంపింది ఆబింగ్డన్‌కి కాదు, ఉత్తరాదిలో ఒక మామూలు డీలర్‌కి. ఇంజన్ నంబరు కూడా కలవలేదు. మరి నా కారుకున్న బర్క్‌షైర్ కౌంటీ నంబర్ ప్లేటు ఎలా వచ్చింది? అప్పట్లో ఆబింగ్డన్ ఊరు బర్క్‌షైర్‌లోనే ఉండేది, అందుకే టీమ్ కార్ల నంబర్లలో ఈజేబీ, ఏజేబీ, జీఆర్‌ఎక్స్, ఎల్‌బీఎల్ లాంటివి కనిపిస్తాయి, ఈ సంగతి ప్రతి మినీ పిచ్చోడికీ తెలుసు, మోసగాడికి ఇంకా బాగా తెలుసు. ఈ దేశంలో నంబరు ఒక బండి నుంచి ఇంకో బండికి మార్చుకోవచ్చు కదా. వీ888 ఫారంతో బండ్ల రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్‌ఏని అడిగితే తేలింది, ఈ నంబరు నా కారు మీదికి ఎక్కింది 1990లలో.

ఇదంతా కాగితాల సంగతి. అసలు కారు కిందికి దూరిన రోజు ఇంకా ఘోరం. ఒక శనివారం గ్యారేజీలో ముందు కార్పెట్ ఎత్తి, ఎడమ కాలి దగ్గర నల్లటి తారులాంటి పూత ఎందుకింత మందంగా ఉందా అని స్క్రూడ్రైవర్‌తో గీకాను. పెచ్చులుగా ఊడొచ్చింది. దాని కింద అరచేయంత రేకు ముక్క, చుట్టూ ముద్దముద్దగా వెల్డింగ్. మామూలు 850 సీసీ మినీలో గేర్ రాడ్ పొడుగ్గా, వంకరగా, నేల ముందు భాగంలోని రంధ్రంలోంచి వచ్చేది. కూపర్ల గేర్ రాడ్ పొట్టిది, వెనక్కి, సీట్ల దగ్గరికి వచ్చి నేరుగా నిలబడుతుంది. అంటే నేను గీకుతున్నది ఆ పాత రంధ్రం మూసిన అతుకు. వెనక్కి జరిగి చూస్తే ఇప్పుడున్న గేర్ రాడ్ రంధ్రం అంచులు చేత్తో కోసినట్టు వంకర టింకరగా ఉన్నాయి. ఒక చచ్చిపోయిన కూపర్ ఎస్ ఛాసిస్ ప్లేటు ముక్క, ఒక 850 డొక్కు, ఎర్ర రంగు, తెల్ల కప్పు. నేను కొన్నది అదీ. ఛాసిస్ ప్లేటు రివెట్లు రెండూ కొత్త నాణేల్లా మెరుస్తుంటే కొనేటప్పుడు ‘ఎంత శుభ్రంగా ఉంచారో’ అనుకున్నాను, చూడండి!

చక్రాల మీదా ఒక మాట. ‘అప్పటి అసలు మెగ్నీషియం మినిలైట్లు’ అని రాశాడు. చక్రం లోపలి వైపు పూత కొంచెం గీకి ఒక చుక్క వెనిగర్ వేస్తే మెగ్నీషియం అయితే వెంటనే బుడగలు వస్తాయి. నావాటి మీద చుక్క అలాగే నిలబడి నన్నే చూసింది. అల్యూమినియం. అసలు పాత మెగ్నీషియం చక్రాలు పగుళ్ళిస్తాయి కాబట్టి అల్యూమినియం వేసుకోవడంలో తప్పేం లేదు, కాకపోతే మెగ్నీషియం అని రాసి డబ్బు తీసుకోవడం తప్పు.

నిలదీస్తే వచ్చిన జవాబు జాగ్రత్తగా వినండి, మీకూ ఇదే చెబుతారు. ‘వర్క్స్ టీమ్‌లో ఏదైనా మార్చేవాళ్ళు సార్.’ రంగు కలవలేదా, మళ్ళీ వేశారు. ఇంజన్ కలవలేదా, మార్చారు. ఫోటోలో గ్రిల్ సన్న గీతల ఆస్టిన్‌ది, నా కారుది ఏడు లావు గీతల మోరిస్‌ది, అదీ మార్చారు. చిక్కేంటంటే ఈ మాట పూర్తి అబద్ధం కాదు. ర్యాలీలో బాడీ నుజ్జయితే కొత్త బాడీ తెచ్చి, పాత నంబరే దానికి బిగించి మళ్ళీ పంపేవాళ్ళు, ఎందుకంటే సరిహద్దులు దాటడానికి కస్టమ్స్ కాగితాలన్నీ ఆ నంబరు మీద ఉండేవి. ఒకే నంబరు రెండు మూడు బాడీల మీద తిరిగిన సందర్భాలున్నాయి. ఊళ్ళో పాత ఇల్లు పడగొట్టి, తాతగారి టేకు ద్వారబంధం ఒక్కటీ దాచి, కొత్త గోడల్లో నిలబెట్టి ‘ఇది మా తాత ఇల్లు’ అంటాం చూడండి, అలాంటిదే. అందులో మోసం లేదు, ఎందుకంటే ఆ కుటుంబం ఆ స్థలం వదల్లేదు. ఎవడో ఇంకో ఊళ్ళో ఇల్లు కట్టుకుని, పాత సామాన్ల షాపులో ఒక ద్వారబంధం కొని తగిలించి అదే మాట అంటే? నా కారు ఈ రెండో రకం.

కోర్టు దాకా వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. ర్యాలీ కారు కాదుగానీ 1929, 1930 లెమాన్స్ గెలిచిన ‘ఓల్డ్ నంబర్ వన్’ బెంట్లీని కోటి పౌండ్లకి అమ్మే ఒప్పందం చేసుకుంటే, కొనేవాళ్ళు ఇందులో అసలు భాగాలు దాదాపు లేవు కదా అని వెనక్కి తగ్గారు. 1990లో ఇంగ్లండ్ కోర్టు ఆ కారు చరిత్ర ఎక్కడా తెగకుండా వచ్చింది కాబట్టి అది ఓల్డ్ నంబర్ వనే అని తీర్పిచ్చింది. మా అమ్మకందారు ఈ తీర్పుని కూడా నాకు ఈమెయిల్లో పంపాడండీ! చరిత్ర తెగకుండా రావడం అనే మాట మీద వేలు పెట్టి నేను తిరిగి పంపాను. దానికి ఇంతవరకూ జవాబు లేదు.

చట్టం విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. డీలర్ దగ్గర కొన్న వస్తువు వాళ్ళు చెప్పినట్టు లేకపోతే 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం కింద 30 రోజుల్లో తిరిగి ఇచ్చేసి డబ్బంతా వెనక్కి అడగొచ్చు. నేను సర్టిఫికెట్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను, అది చేతికొచ్చేసరికి ఆ గడువు దాటిపోయింది. పైగా బిల్లు జాగ్రత్తగా చదివితే కింద చిన్న అక్షరాల్లో ‘యజమాని తరఫున అమ్ముతున్నాం’ అని ఉంది. అంటే వాళ్ళ వాదన ప్రకారం ఇది ఇద్దరు మామూలు మనుషుల మధ్య అమ్మకం, షాపు మధ్యవర్తి మాత్రమే. అలాంటప్పుడు అబద్ధం చెప్పి అమ్మాడని రుజువు చేసే భారం చాలావరకు మన నెత్తినే పడుతుంది. ప్రకటనలోని ‘ఎక్స్-వర్క్స్’ మాట బిల్లులోకి వచ్చేసరికి మాయమైంది కూడా, అక్కడ ‘మినీ, ఎరుపు’ అని మాత్రమే ఉంది. ఆ ప్రకటన స్క్రీన్‌షాట్ నా ఫోన్లో ఉండబట్టి సరిపోయింది, లేకపోతే లాయర్ కూడా చేతులెత్తేసేవాడు.

కాబట్టి సర్టిఫికెట్ అమ్మేవాడి చేతే తెప్పించండి, అదీ అడ్వాన్సు ఇవ్వకముందు. ‘అప్లై చేశాం’ అంటే వచ్చాకే వస్తామని చెప్పండి, ఈలోపు వేరేవాళ్ళు కొనేస్తారని తొందర పెడితే కొనుక్కోనివ్వండి. వీ5సీ లాగ్‌బుక్ చూసి నిశ్చింతగా ఉండొద్దు, అది యజమాని హక్కు పత్రం కాదని దాని మీదే రాసి ఉంటుంది, ర్యాలీ చరిత్ర గురించి అందులో ఒక్క ముక్క ఉండదు. మినీల మీదే బతుకంతా గడిపిన, పాత కార్ల జాబితాలు (రిజిస్టర్లు) రాసిపెట్టే వాళ్ళు ఉంటారు, వాళ్ళకి ఛాసిస్ నంబరు పంపితే ఒక్కోసారి గంటలో చెప్పేస్తారు. నేను రెండొందల పౌండ్ల తనిఖీ ఖర్చుకి వెనకాడి ఇంతదాకా తెచ్చుకున్నాను.

మినీ ఒక్కటే అనుకోకండి. 1970లో లండన్ నుంచి మెక్సికో దాకా జరిగిన ర్యాలీని హన్ను మికోలా ఫోర్డ్ ఎస్కార్ట్‌లో గెలిచాక ఎస్కార్టులదీ ఇదే కథ, మామూలు 1100 సీసీ బాడీలో ఆర్ఎస్ (వేగమైన రకం) సామాను బిగించి ‘బోరమ్ కారు’, అంటే బోరమ్‌లోని ఫోర్డ్ సొంత ర్యాలీ టీమ్ కారు అంటారు. లాన్సియా డెల్టాకి ఆ టీమ్ స్పాన్సర్ మార్టీనీ గీతలు అంటిస్తే చాలు కొందరి చూపులో వర్క్స్ కారైపోతుంది. సరదాకి రెప్లికా అని చెప్పి అమ్మితే నాకేం అభ్యంతరం లేదు, బాగా చేసిన రెప్లికా నడపడానికి హాయిగా ఉంటుంది కూడా.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, పోయినవారం లెస్టర్‌లో ఉండే ఒక తమ్ముడు తను చూస్తున్న కారు కాగితాలు వాట్సాప్‌లో పంపాడు, అన్నా ఒకసారి చూడవా అని. ఎర్ర మినీ, తెల్ల కప్పు, రెక్కీ కారు. మూడో పేజీలో మెకానిక్ ఉత్తరం. ‘ఈ కారు నాకు బాగా గుర్తు’ దగ్గర్నుంచి చివరి వాక్యం దాకా అక్షరం పొల్లుపోకుండా నా ఫైల్లో ఉన్నదే, ‘ఆబింగ్డన్’ స్పెల్లింగులో అదే తప్పుతో సహా. రిజిస్ట్రేషన్ నంబరు ఒక్కటే మారింది.